ముక్కు మీద వేలు

నా గొంతు పెద్దది. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. సాగర్ రోడ్డు మీద బస్సు దిగినవాళ్లకు, నేను ఆ పూట ఏ పద్యం చెబుతున్నానో బడి గేటు దాటకముందే తెలిసిపోయేదని మా స్టాఫ్‌రూములో అనేవాళ్లు. నాకు ఉత్సాహం ఎక్కువ, ఓపిక తక్కువ. ఈ రెండింటితోనే ముప్పై రెండేళ్లు తెలుగు చెప్పాను. చివరి ఎనిమిదేళ్లు ఇబ్రహీంపట్నం దగ్గరి ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గడిచాయి.

ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇద్దరమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. ఒకామెకు కందుకూరు వైపు పోస్టింగు, ఇంకొకామెకు తుక్కుగూడ దగ్గర. "మేడం, కరోనా తర్వాత పిల్లలు మస్తు మారిన్రంట గద, మీరెట్ల నడిపిచ్చిన్రు?" అని అడిగారు. చాయ్ చల్లారి మీగడ కట్టేదాకా చెప్పాను. వాళ్లు వెళ్లిపోయాక కూడా నాలో మాటలు ఆగలేదు. అందుకని కాగితం పట్టుకున్నాను.

ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్ల గొడవ ఇందులో ఉండవు. అవి మీకూ ఎట్లాగూ వస్తాయి, ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక పిల్ల గురించి, ఆ పిల్ల విషయంలో నేను చేసిన తప్పు గురించి, ఆ తప్పుతో నేను గోడ దాటి నేర్చుకున్న పాఠం గురించి రాస్తాను. అరవై ఏళ్లు దాటిన దాన్ని, అయినా ఇది రాస్తుంటే నా చెయ్యి ఆత్రంగా పరుగెడుతోంది. అక్షరాలు కొక్కిరిబిక్కిరిగా ఉంటే క్షమించండి. అందమైన అక్షరాలను నమ్మడం నేను ఎందుకు మానేశానో కూడా మీకు కాసేపట్లో తెలుస్తుంది.

మాస్కుల వెనక

బడి మళ్లీ తెరిచిన రోజు నాకు పండుగే. ఫోను ముందు కూర్చుని "వినపడుతోందా? వినపడుతోందా?" అని అరిచి అరిచి విసిగిపోయి ఉన్నాను. నా గొంతు కూడా వినపడకుండా చేసిన యంత్రం అది ఒక్కటే! పాఠం మధ్యలో ఒకరింట్లో కుక్కరు కూత, ఇంకొకరింట్లో కోళ్ల గోల. చాలా ఇళ్లలో ఫోను ఒక్కటే, అది తండ్రి జేబులో పనికి వెళ్లిపోయేది. టీవీలో పాఠాలు వచ్చేవి, కానీ టీవీ ముందు కూర్చున్నవాళ్లందరూ పాఠమే చూశారని నేను ప్రమాణం చేయలేను.

మొదటి రోజు తరగతి గది తలుపు తీస్తే బెంచీల మీద వేలెడు దుమ్ము. అటెండరు రానక్కర్లేకుండా నేనే చీపురు పట్టాను. అంత సంబరం నాది. పిల్లలు వచ్చారు. నాలుగో తరగతి పూర్తి కాకముందే ఇంటికి పంపినవాళ్లు ఏకంగా ఆరో తరగతిలోకి వచ్చి నిలబడ్డారు. అందరూ పాసే. చుట్టుపక్కల చిన్న చిన్న ప్రైవేటు బడులు కొన్ని మూతపడడంతో ఆ పిల్లలు కూడా మాకే వచ్చారు. బెంచీకి ముగ్గురు కూర్చునే చోట ఐదుగురు. దూరం దూరం కూర్చోండని గోడ మీద కాగితం అంటించాం, ఆ కాగితం కిందే పిల్లలు ఒకరి మీద ఒకరు పడేవారు.

అందరి మూతులకూ మాస్కులు. నేను పాఠం చదివితే వెంటనే నలభై గొంతులు అందుకునేవి. గది దద్దరిల్లేది. నా ఉత్సాహం చెప్పనక్కర్లేదు! పిల్లలు ఏమీ మరిచిపోలేదు, అనవసరంగా భయపడ్డాం అనుకున్నాను. ఆ నలభై మాస్కుల వెనక ఎన్ని పెదవులు కదులుతున్నాయో, ఎన్ని ఊరికే ఉన్నాయో నాకు తెలియదు. తెలుసుకోవాలని అనిపించలేదు కూడా. గట్టిగా వినపడితే చదువు వచ్చినట్టేనని నా నమ్మకం.

ముత్యాల్లాంటి రాత

ఆ తరగతిలో కిటికీ పక్క బెంచీలో నస్రీన్ కూర్చునేది. మన్నెగూడ దాటాక రోడ్డు పక్కన వాళ్ల నాన్న మహబూబ్‌కు మోటార్ల వైండింగ్ షాపు ఉంది. బోరు మోటార్లు కాలిపోతే రాగి తీగ కొత్తగా చుట్టించడానికి రైతులు అక్కడికే తెస్తారు. షాపు వెనకాలే ఇల్లు. నేను హైదరాబాదు వైపు నుంచి వచ్చే బస్సులోనే ఆ పిల్ల కూడా షాపు ముందు ఎక్కేది. నన్ను చూడగానే బ్యాగు సర్దుకుని "నమస్తే మేడం" అనేది. అంతకుమించి ఒక్క మాట మాట్లాడేది కాదు.

ఆ పిల్ల రాత చూడాలి! వరుసలో పేర్చిన ముత్యాలు. తలకట్టు వంకర పోదు, వత్తు పక్కకు జరగదు. ఇంట్లో రాగి తీగ చుట్టే చెయ్యి కదా, ఎంత నిదానం, ఎంత లెక్క! బోర్డు మీద నా రాత కోడి గీరినట్టుంటే, అదే పాఠం ఆ పిల్ల నోటుబుక్కులో అచ్చు వేసినట్టుండేది. ఎర్ర పెన్నుతో "శభాష్" అని రాశాను. ఒకసారి కాదు, ప్రతి పేజీలో రాశాను. నోటుబుక్కు పట్టుకుని పక్క సెక్షన్లకు వెళ్లి "చూడండ్రి, ఇట్ల రాయాలె!" అని ఊరేగించాను. హెడ్మాస్టరు సారు బల్ల మీద పెట్టి చూపించాను. హాలు గోడకు వేలాడే చార్టులన్నీ ఆ పిల్లతోనే రాయించాను.

చదవమంటే చదివేది కూడా. పుస్తకం తెరిచి, వరుస కింద వేలు నడిపిస్తూ, పాఠం తప్పు లేకుండా చెప్పేది. కరోనా తర్వాత పిల్లలు వెనకబడ్డారని ఎవరన్నా అంటే నేను ఈ పిల్లను ముందుకు తోసేదాన్ని. నా గొప్పకు ఆ పిల్ల సాక్ష్యం అన్నమాట.

ఫ్యాను చేసిన తనిఖీ

ఎండలు ముదిరాయి. ఫ్యాను ఫుల్లుగా తిరుగుతోంది. తడబడుతున్న పిల్లలకు మాదిరిగా ఉంటుందని నస్రీన్‌ను లేపి పాఠం చదవమన్నాను. లేచింది. మాస్కు సర్దుకుంది. వేలు పెట్టి మొదలుపెట్టింది. నేను బెంచీల మధ్య నడుస్తూ వెళ్లి ఆ పిల్ల వెనక నిలబడ్డాను.

ఫ్యాను గాలికి పేజీ రెపరెపలాడి తిరగబడింది. ఒకటి కాదు, మూడు నాలుగు పేజీలు దాటి పోయింది. పుస్తకంలో ఇప్పుడు పద్యాల పేజీ ఉంది. నస్రీన్ ఆగలేదు. పద్యాల కింద వేలు నడుస్తూనే ఉంది, నోట్లోంచి పాత పాఠమే వస్తూ ఉంది. ఒక్క అక్షరం తప్పు లేదు.

ఎన్ని తనిఖీలు చూశాను! జీపులు వేసుకుని వచ్చిన అధికారులు కనిపెట్టలేనిది సీలింగు ఫ్యాను కనిపెట్టింది.

ఆ పిల్లకు చదవడం రాదు. అక్షరాలను చూసి బొమ్మల్లాగా గీస్తోంది. పక్క పిల్లలు చదువుతుంటే విని విని పాఠమంతా నోటికి పట్టింది. ఇది నాకు ఇప్పుడు తెలుసు. ఆ నిమిషాన నాకు తెలిసింది మాత్రం ఒక్కటే, నేను అభాసుపాలయ్యాను. ఎర్ర పెన్ను శభాష్‌లు, ఊరేగించిన నోటుబుక్కు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. నోరు జారింది.

"ఇన్నొద్దుల సంది నన్ను మోసం చేస్తున్నవా?"

నా గొంతు సంగతి మీకు చెప్పాను కదా. పక్క గదుల్లో పాఠాలు ఆగిపోయాయి. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. నస్రీన్ ఏడవలేదు. పుస్తకం మూసి, నలిగిన అట్టను అరచేత్తో సాపు చేసి, కూర్చుంది. మర్నాడు బస్సు షాపు ముందు ఆగింది. ఆ పిల్ల ఎక్కలేదు.

కొత్త టీచర్లకు నా మొదటి మాట ఇది. పిల్ల మోసం చేయలేదు. రాని చదువును దాచుకోవడానికి అంత తెలివి, అంత కష్టం, అంత జ్ఞాపకశక్తి పెట్టింది. అందులో పదో వంతు కష్టం నేను పడి ఉంటే మొదటి వారంలోనే ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, తెలియని పేజీ ఒకటి తీసి చదివించేదాన్ని. మోసపోవడానికి నేనే సిద్ధంగా ఉన్నాను. ఇంకో మాట కూడా చెప్పాలి. నేరమంతా కరోనా మీదకు తోసేస్తే మనకు హాయిగా ఉంటుంది. చూచిరాత, బట్టీ అంతకుముందు లేవా? కరోనా గిన్నె మీద మూత తీసింది, అంతే. లోపల ఉన్నది మనం వండిందే.

గోడ అవతల

రెండో రోజు రాలేదు, మూడో రోజూ రాలేదు. నాకు అన్నం సయించలేదు. తిరిగి వస్తే మాత్రం ఏం చేస్తాను? ఛందస్సు చెప్పగలను, సమాసాలు విడగొట్టగలను. పన్నెండేళ్ల పిల్లకు చదవడం ఎట్లా నేర్పాలో నాకు రాదు! తెలుగులో ఎమ్మే చేసినదాన్ని, ఓనమాలు చెప్పడం రాదు. ఇన్నేళ్లూ చేసింది నేల విడిచి సాము.

మా ఆవరణలోనే ప్రాథమిక పాఠశాల ఉంది. రెండు బడులకు మధ్య నడుమెత్తు గోడ. జెండా పండుగకు తప్ప నేను ఆ గోడ దాటింది లేదు. మేము పాఠాలు చెప్పేవాళ్లం, వాళ్లు పలకల మీద దిద్దించేవాళ్లు అని ఒక పొగరు మాకు. అక్కడ ఒకటో తరగతికి సుగుణ టీచర్ చెప్పేది. బక్కపలచని మనిషి, గొంతు పైకి లేవదు. నా కంటే పదిహేనేళ్లు చిన్నది.

మూడో రోజు మధ్యాహ్నం గోడ దాటి వెళ్లాను. జరిగిందంతా చెప్పాను. ఆమె పిల్లల చేతులు కడిగిస్తూనే వింది.

"పిల్లకు కండ్లున్నయి, చేతులున్నయి, గొంతున్నది," అంది. "మూడు వేరేవేరే పనిచేస్తున్నయి మేడం. మూడింటిని ఒక్కకాడికి తేవాలె, అంతే."

"గట్లనా! అయితే నువ్వే నేర్పు సుగుణా, రేపే పట్టుకొస్త."

"మీరు కూడ రావాలె."

"నేనెందుకు?"

"గంత పెద్ద పిల్ల ఒక్కతే వచ్చి చిన్నపిల్లల్ల కూసుంటదా మేడం? మీరు కూసుంటే కూసుంటది."

నా పొగరు ఒక్క క్షణం గొంతులో అడ్డం పడింది. మింగేశాను.

రాసుడొస్తది, చదువుడు రాదు

నాలుగో రోజు సాయంత్రం బస్సును షాపు ముందు ఆపించి దిగాను. మహబూబ్ ఒక మోటారు విప్పి, కాలిపోయిన తీగ పీకుతున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకుని స్టూలు వేశాడు.

"కూసోండ్రి మేడం. మీకు ఫోన్ చేద్దామనే అనుకుంటున్న. గీ పిల్ల బడికి పోనంటున్నది. ఏమైందే అంటే చెప్తలేదు. చదువుడు రాదంటది. రాసుడు గంత మంచిగొస్తది, చదువుడు రాకపోవుడేంది మేడం? గదెట్లయితది?"

నస్రీన్ షాపు మూలన కూర్చుని తీగ చుడుతోంది. ఒక్కో చుట్టూ పక్క చుట్టును ఆనుకుని, సందు లేకుండా పడుతోంది. తల ఎత్తలేదు.

"తప్పు నాది మహబూబన్నా," అన్నాను. "పది మందిల మీ బిడ్డను నోటికొచ్చినట్టు అన్న. పిల్లది ఏ తప్పూ లేదు."

ఆయన నన్నూ, కూతుర్నీ మార్చి మార్చి చూశాడు. "మేడం తప్పంటున్నరు బిడ్డా, ఇన్నవా?" అన్నాడు మెల్లగా.

నస్రీన్ చుట్టడం ఆపింది. "నాకు చదువు రాదు మేడం. చుట్టుడొస్తది. గీడనే ఉంట."

"నాకు కూడ ఒకటి రాదు నస్రీన్. సుగుణ టీచర్ దగ్గర నేర్చుకుంట అన్న. రేపటి సంది రోజూ ఒక పీరియడ్ ఒకటో తరగతిల కూసుంట. ఒక్కదాన్ని పోవాలంటే సిగ్గయితున్నది. నువ్వు నాకు తోడు రావాలె."

పిల్ల నా ముఖంలోకి చూసింది. అబద్ధం ఆడుతున్నానేమోనని చూసింది. నేను ఆడడం లేదు. నా సిగ్గు నిజం, నాకు రాదన్న మాటా నిజం. మర్నాడు బస్సు షాపు ముందు ఆగినప్పుడు నేను సీట్లోంచి లేచి తలుపు వైపు చూశాను. ఎక్కింది! "నమస్తే మేడం" అంది. నేను ఆ పిల్లకు కిటికీ పక్క సీటిచ్చాను.

ముక్కు మోగితే సున్నా

ఒకటో తరగతిలో వెనక గోడకు ఆనుకుని చాప మీద నేను, నా పక్కన నస్రీన్. మొదటి రోజు ఇరవై మంది చిన్నపిల్లలు పాఠం వదిలేసి మమ్మల్నే చూశారు. ఒక పిల్ల లేచి, "గీమె ఫెయిలయ్యిందా టీచర్?" అని నన్ను చూపించి అడిగింది. నస్రీన్ నవ్వింది. ఆ పిల్ల నవ్వడం నేను చూడడం అదే మొదలు.

సుగుణ ఎట్లా చెప్పేదో మీకు చెప్పాలి. ఇది ఏ శిక్షణలోనూ నాకు ఎవరూ చెప్పలేదు. మాస్కులు కిందికి దించమనేది. అక్షరం పలికేటప్పుడు ఏది కదులుతుందో పట్టి చూసుకోవాలి. 'ప' అంటే పెదవులు తగులుతాయి. 'క' అంటే గొంతులో తగులుతుంది. సున్నా దగ్గరకు వచ్చేసరికి ముక్కు మీద వేలు పెట్టించింది.

"పండు అనుండ్రి. వేలు కింద ముక్కు మోగిందా? మోగితే సున్న పెట్టాలె. పడుగు అనుండ్రి. మోగలే గద? సున్న లేదు."

ఇరవై మంది పిల్లలు, ఒక పెద్ద పిల్ల, ఒక ముసలి మేడం ముక్కు మీద వేళ్లు పెట్టుకుని గంట, రంగు, పంట, కొంగ అంటున్నాం. నాకు ఒళ్లు పులకరించింది! ముప్పై ఏళ్లు నేను సున్నాను అనుస్వారం అనీ పూర్ణబిందువు అనీ చెప్పాను. అది ముక్కులో ఉంటుందని చెప్పలేదు. ముక్కున వేలేసుకోవడం అన్న జాతీయాన్ని సొంత వాక్యంలో ప్రయోగించమని ఎన్ని పరీక్షల్లో అడిగానో లెక్కలేదు. అది సాక్షాత్తూ నా ముక్కు మీదే జరిగేదాకా నాకు బోధపడలేదు.

ఒక పిల్ల చేయి ఎత్తింది. "టీచర్, మామిడి అన్నా మోగుతున్నది గద?"

సుగుణ తడుముకోలేదు. "మ కు సొంతిల్లున్నది. సున్నకు లేదు. పక్క అక్షరం ఇంట్ల కిరాయికుంటది," అంది. పిల్లలు సరేనన్నారు. ఇంతకంటే మంచి వ్యాకరణం నేను చదవలేదు.

నేను రోజూ తొలి పీరియడ్ గోడ దాటుతున్నానని, అక్కడ విన్నదే వచ్చి ఆరో తరగతికి చెబుతున్నానని హెడ్మాస్టరు సారుకు తెలిసింది. పిలిపించారు. "సిలబస్ యాడిదాక వచ్చింది మేడం? ఆరో తరగతికి అ ఆ లు చెప్తున్నరని పైనోళ్లకు తెలిస్తే ఏమంటరు?" అన్నారు. "ఆరో తరగతికి అ ఆ లు రావనుకుంటరు సార్. నిజమే అనుకుంటరు," అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. మనిషి చెడ్డవాడు కాదు, సిలబస్ అయిందని చార్టుల్లో పచ్చరంగు నిండితే నిద్రపట్టే రకం. ఓ రోజు గోడ అవతల కిటికీలోంచి తొంగిచూసి, తన ముక్కు మీద తనే వేలు పెట్టి చూసుకుంటూ నా కంటబడ్డారు. తర్వాతి వారం నుంచి ఆరో తరగతి తొలి పీరియడ్ చదువు రాని పిల్లలకని టైంటేబుల్ మార్చారు. ఎందుకు మార్చారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఒక విషయంలో ఆయనదీ న్యాయమే. చదవడం వచ్చిన పిల్లలు కూడా ఆ తరగతిలో ఉన్నారు, నా సంబరంలో వాళ్లను కొన్నాళ్లు కొత్త పాఠం లేకుండా ఎండబెట్టాను. మీరు ఆ తప్పు చేయకండి.

బస్సు కిటికీ

పొద్దున బస్సు ప్రయాణం మాకు రెండో తరగతి గది అయింది. ఆ రోడ్డు పొడవునా బోర్డులే కదా! ప్లాట్లు అమ్మబడును, ఇల్లు కిరాయికి ఇవ్వబడును, టైర్లు, టిఫిన్లు, కంటి దవాఖాన. బోర్డు కనపడగానే మొదటి అక్షరం, తర్వాత రెండోది. చదివేలోపే బస్సు దాటిపోయేది. తిరుగు ప్రయాణంలో మిగతాది.

ఒకరోజు బస్సు ఒక దుకాణం ముందు ఆగింది. ఎవరో మూటలు దించుతున్నారు. నస్రీన్ కిటికీలోంచి చూస్తోంది. పెదవులు కదిలాయి. "కి... రా..." అని ఆగి, ముక్కు మీద వేలు పెట్టుకుంది. "ణం."

నేను కిటికీ వైపు వంగాను.

"కిరాణం. మేడం, కిరాణం! మేమక్కడ్నే ఉప్పు పప్పు తెచ్చుకుంటం! గిదే రాసున్నదా దానిమీద?"

"కిరాణం!" అని అరిచాను. నా గొంతుకు డ్రైవరు బ్రేకు మీద కాలేశాడు. కండక్టరు "కిరాణం స్టేజి లేదమ్మా!" అన్నాడు. మేమిద్దరం నవ్వు ఆపుకోలేక సీట్లో వంగిపోయాం. పిల్లలు ఫస్టు క్లాసులో పాసైన సంవత్సరాలున్నాయి, నాకు మెడలో దండలు పడ్డ రోజులున్నాయి. ఆ పొద్దుటి సంతోషానికి అవేవీ చాలవు. చదవడం వచ్చిన పిల్ల ముఖం చూశారా ఎప్పుడైనా? చూడకపోతే మీ ఉద్యోగం ఇంకా మొదలు కాలేదు.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. దసరా సెలవుల తర్వాత అనుకుంటాను, ఓ సాయంత్రం నస్రీన్‌తో పాటు నేనూ షాపు ముందు దిగాను. మహబూబ్‌కు పిల్ల చదువుతోందని చెబుదామని వెళ్లాను. పిల్ల లోపలికి పోలేదు. తలెత్తి తమ షాపు బోర్డునే చూస్తూ నిలబడింది. వేలు ముక్కు మీదకు పోయింది, కిందికి దిగింది, మళ్లీ పోయింది.

"మేడం," అంది చిన్నగా. "గీడ ముక్కు మోగాలె గద?"

చూశాను. మోటార్ వైండిగ్ వర్క్స్. 'డి' పక్కన సున్నా లేదు!

"ఏందేంది?" అంటూ మహబూబ్ బయటికి వచ్చాడు. "బోర్డు తప్పా? గా పెయింటరు పెద్ద మనిషి. ఆయనకు రాదా?"

"అబ్బా, నువ్వే అను. ముక్కు మీద వేలు పెట్టి వైండింగ్ అను," అంది నస్రీన్ వాళ్ల నాన్నతో.

నల్లటి గ్రీజు వేలు ముక్కు మీద పెట్టుకుని ఆయన అన్నాడు. రెండుసార్లు అన్నాడు. ముక్కు మీద నల్ల మచ్చతో నా వైపు తిరిగాడు. "అవ్‌నా మేడం?"

"అవ్," అన్నాను.

"బోర్డు వెట్టి ఎన్నేండ్లాయె! మీరు రోజు బస్సుల వొయ్యేటప్పుడు చూస్తుంటిరి గద మేడం!"

చదువు ఎక్కువైన కన్ను, ఉన్నది చూడదు, ఉండాల్సింది చూస్తుంది. ఒక్కో అక్షరమూ పట్టి చూసే పిల్లకు దొరికింది అది. నస్రీన్ స్టూలు ఎక్కి, చుట్టిన తీగకు పూసే ఎర్ర వార్నిష్‌తో ఆ సున్నా పెట్టింది. నీలం అక్షరాల మధ్య ఒక ఎర్ర సున్నా. ఎంత గుండ్రంగా పెట్టిందో చెప్పనక్కర్లేదు.

మూసిన నోరు

కథ ఇక్కడ ఆపితే నాకు బాగుంటుంది. కానీ నిజం రాస్తానన్నాను.

నస్రీన్ చదివింది. కథల పుస్తకాలు చదివింది, బస్సులో నా న్యూస్‌పేపరు లాక్కుని చదివింది. కానీ తరగతిలో నలుగురి ముందు లేచి చదవమంటే తల అడ్డంగా ఊపేది. ఏడో తరగతిలో అడిగాను, ఎనిమిదిలో అడిగాను. తరగతి మొత్తం ముందు "ఆనాడు తప్పు నాది" అని కూడా చెప్పాను. పిల్ల తల దించుకుని అట్ట సాపు చేసుకుంది. నా ఒక్క కేక ఆ నోటికి తాళం వేసింది, తాళం తీయడం నాకు చేతకాలేదు. పదిమందిలో నోరు తెరవలేని చదువు ఆ పిల్లకు ఎక్కడిదాకా తోడొస్తుంది? నేను రిటైరయ్యే రోజు దగ్గర పడుతోంది. ఈ పని ఒక్కటీ మిగిలిపోతోందన్న దిగులు నన్ను తినేసింది.

ఆ రోజు రానే వచ్చింది. బడి ఆవరణలో షామియానా, వేదిక, వెనక పెద్ద ఫ్లెక్సీ. అధికారులు వచ్చారు. సుగుణను పట్టుబట్టి నా పక్క కుర్చీలో కూర్చోబెట్టాను. హెడ్మాస్టరు సారు మైకులో నా గొంతు గురించి జోకులు వేస్తున్నారు. పిల్లలంతా కింద వరుసల్లో ఉన్నారు.

ఎనిమిదో తరగతి వరుసలో ఒక పిల్ల లేచి నిలబడింది. వేలు ముక్కు మీద ఉంది. నస్రీన్!

"సార్," అంది. ఎవరికీ వినపడలేదు. మళ్లీ, ఈసారి గట్టిగా, "సార్! ఫ్లెక్సీ తప్పున్నది!"

మైకు ఆగిపోయింది. బడి మొత్తం ఆ పిల్ల వైపు తిరిగింది. ఎవరన్నా నవ్వుతారేమోనని నాకు భయం. నస్రీన్ కూర్చోలేదు. వరుసల మధ్య నుంచి నడిచి వేదిక ఎక్కింది. నా ముందుకు వచ్చి చేయి చాచింది.

"మేడం, మీ బ్యాగుల బొట్టుబిళ్లలు ఉన్నయా?"

నా బొట్టు రూపాయి బిళ్లంత ఉంటుంది, ప్యాకెట్టు ఎప్పుడూ బ్యాగులో ఉంటుంది. తీసి ఇచ్చాను. పిల్ల ఒక ఎర్ర బిళ్ల ఊడదీసి, ఫ్లెక్సీ దగ్గరకు వెళ్లి, మునివేళ్ల మీద లేచి అంటించింది. అప్పుడు చూశాను. నా పేరు కింద 'అభినదనలు' అని ఉంది. ఇప్పుడు 'న' పక్కన నా బొట్టు ఉంది.

తర్వాత ఎవరూ అడగకుండానే, మాస్కు లేని ముఖంతో, అక్షరం అక్షరం కింద వేలు నడుపుతూ, మైకు అక్కర్లేని గొంతుతో చదివింది.

"పదవీ విరమణ అభినందనలు."

చప్పట్లు ఎంతసేపు మోగాయో నాకు తెలియదు. సుగుణ నా చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. నాకు ఏడుపు రాలేదు, కేక వచ్చింది. నా సర్వీసులో పెట్టిన కేకలన్నింటిలోకీ పెద్దది. "శభాష్!" అని అరిచాను. సాగర్ రోడ్డు దాకా వినపడి ఉంటుంది. ఈసారి ఆ పిల్ల ఉలిక్కిపడలేదు. నన్ను చూసి, ముక్కు మీద వేలు పెట్టుకుని నవ్వింది.